మాస్టరమ్మ ఎడమ చెయ్యి

ఆ పాత నాటకశాలలో పనిచేసి బయటికి వచ్చినవాళ్లు ఎక్కడైనా ఇద్దరు కలిస్తే, మాటల్లో మాటగా మాస్టరమ్మ ప్రస్తావన రాక మానదు. బట్టలు కత్తిరించేవాళ్లను మాస్టరు అని పిలవడం అక్కడి అలవాటు. ఆమె చేరకముందు ఆ దుస్తుల గదిలో ఆడవాళ్లెవరూ కత్తెర పట్టలేదు. వచ్చిన నెల తిరక్కుండానే ఎవరో ఆ మాస్టరుకి ఒక అమ్మను తగిలించారు. ఇక ఆ పేరే ఖాయమైపోయింది. కోపం వచ్చినప్పుడు కన్న కూతురు కూడా "సరే మాస్టరమ్మా, నువ్వు చెప్పినట్టే కానీ" అనేది.

ముప్ఫై ఎనిమిదేళ్లు ఆమెకి ఆ గదిలోనే గడిచిపోయాయి. రంగస్థలానికి వెనక, రెండో అంతస్తులో ఉండేది ఆ గది. ఒకవైపు వరసగా కిటికీలు, మధ్యలో నడుమెత్తున పొడవాటి కత్తిరింపు బల్ల, ఆ చివర మూడు కుట్టు మిషన్లు. గోడ పొడవునా కొక్కేలు. మహారాజు అంగీ పక్కనే బిచ్చగాడి కోటు వేలాడుతుండేది. రాజు అంగీ కుట్టడం తేలికే, బిచ్చగాడి కోటే ప్రాణం తీస్తుంది అనేది మాస్టరమ్మ. కొత్త బట్టను పొందిగ్గా కుట్టి, ఆ తర్వాత ఇసుక కాగితంతో రుద్ది, టీ నీళ్లలో ముంచి, మోచేతుల దగ్గర అరగదీసి, ఇరవయ్యేళ్లుగా తొడుగుతున్నట్టు చెయ్యాలి మరి.

కొత్తవాళ్లెవరైనా చేరితే లైట్లవాళ్లు వాళ్లను మేడమీదికి తీసుకొచ్చి ఒక వేడుక చూపించేవారు. ఆమె కళ్లకు రుమాలు కట్టి చేతిలో గుడ్డముక్క పెట్టేవారు. కుడిచేతికి కత్తెర ఎప్పుడూ అంటుకునే ఉండేది కాబట్టి బట్ట సంగతి చూడ్డం ఎడమ చేతి పని. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య ఒక్కసారి నలిపి, "సేనాపతి కోటు లైనింగు. రెండుసార్లు ఉతికారు. రెండోసారి సబ్బు సరిగ్గా జాడించలేదు" అనేది. ఉతికినవాడు అక్కడే ఉంటే మెల్లగా జారుకునేవాడు.

ఆమె భర్త ఆ నాటకశాలలోనే ప్రాంప్టరు. తెర పక్కన చిన్న స్టూలు మీద కూర్చుని, నటులు మాట మరిచిపోతే అందించడం ఆయన పని. ముందు వరసలో కూర్చున్నవాడికి కూడా వినపడకుండా, నాలుగు గజాల దూరంలో నిలబడ్డ నటుడి చెవిలో మాత్రం పడేలా మాట వదిలేవాడు. అందరూ ఆయన్ని గుసగుసలాయన అనేవారు. ఇంట్లోనూ అదే గొంతు. నాన్నలకు దేవుడు గొంతు ఇవ్వలేదు కాబోలని వాళ్ల కూతురు చిన్నప్పుడు చాలాకాలం అనుకుంది.

ఆట జరుగుతున్నంతసేపూ మాస్టరమ్మ సూదీ దారంతో ఆ స్టూలు పక్కనే నిలబడి ఉండేది. వేదిక మీద ఏది చిరిగినా పరుగున వచ్చి కుట్టించుకోవడానికి ఆమె అక్కడ ఉండాలి. అక్కడ మాట్లాడకూడదు. అందుకని ఆయన ఆమె ఎడమ భుజం మీద తట్టేవాడు. ఒకసారి తడితే రంగం మారబోతోందని. రెండుసార్లు తడితే ఎవరి బట్టలకో ఏదో అయింది, చూసుకోమని. తట్టకుండా చెయ్యి అలా ఉంచేస్తే ఏమీ లేదు, ఊరికే. ఊరికే ఉంచిన ఆ చెయ్యే వాళ్లను పెళ్లిదాకా నడిపించింది. పెళ్లయ్యాక కూడా వంటింట్లో, వీధిలో, సినిమా హాల్లో ఆయన చెయ్యి ఆ భుజం మీదే ఉండేది. చెప్పాల్సిన సగం మాటలు అలాగే చెప్పేసేవాడు.

ఇద్దరూ ఒకే ఏడాది పని మానారు. రెండు గదుల ఇంట్లోకి మారారు. కూతురు రెండు వీధుల అవతలే ఉంటూ బడిలో పాఠాలు చెప్పేది, సాయంత్రాలు వచ్చిపోయేది.

మాస్టరమ్మ తన అరవై మూడో ఏట, ఒకరోజు పొద్దున, భోజనాల బల్ల మీద కూతురింటి కిటికీ తెరల కోసం గుడ్డ పరిచి కత్తిరిస్తోంది. కుడిచేతిలో కత్తెర బాగానే నడుస్తోంది. ఎడమ చెయ్యి మాత్రం గుడ్డను పట్టుకోవడం మానేసింది. "ఇదేంటి, జారిపోతోంది" అందామనుకుంది. నోట్లోంచి అక్షరాలు ఒకదానిమీదొకటి పడి వచ్చాయి. అవతల గదిలో పేపరు చదువుతున్న గుసగుసలాయన చటుక్కున లేచాడు. మాట తడబడితే అందరికంటే ముందు కనిపెట్టే చెవి ఆయనది. జీవితంలో మొదటిసారి గొంతెత్తి పక్కింటివాళ్లని కేకేశాడు. పక్కింటావిడ ఆ గొంతు ఎవరిదో పోల్చుకోలేక, ఎవరో దొంగ దూరాడనుకుని కర్ర పట్టుకుని వచ్చింది.

గంట తిరక్కుండా ఆస్పత్రికి చేర్చారు. మెదడులో ఒక సన్నని రక్తనాళం మూసుకుపోయిందన్నారు. రెండు వారాల్లో మాట తిరిగొచ్చింది. నెలకి నడక కుదుటపడింది. చేతివేళ్లు ఒక్కొక్కటే ముడుచుకోవడం, తెరుచుకోవడం మొదలుపెట్టాయి. చూడవచ్చినవాళ్లందరూ గండం గడిచిందన్నారు. మాస్టరమ్మ కూడా అలాగే అనుకుంది.

మంట మూడో నెలలో మొదలైంది.

మొదట సబ్బు పడలేదనుకుంది. సబ్బు మార్చింది. తర్వాత చొక్కా బట్ట మీద అనుమానం వచ్చింది. తన చేత్తో ఎంచిన మెత్తని నూలు చొక్కా అది. ఎడమ చేతి మీద ఆ గుడ్డ కదిలితే చాలు, పచ్చిమిరపకాయలు నూరి రాసినట్టు భగ్గుమనేది. ఫ్యాను గాలి తగిలితే చేతిలోకి మంచు సూదులు దిగేవి. కొన్నిసార్లు ఏదీ తగలకుండానే మోచేతి నుంచి వేళ్లదాకా లోపల్లోపల కాలుతూ ఉండేది. ఎడమ చెంప మీదా అంతే, వెంట్రుక తగిలినా ఉలిక్కిపడేది. మందుల షాపులో కొన్న నొప్పి మాత్రలు వేసుకుంటే మంచినీళ్లు తాగినట్టే ఉంది.

"చెయ్యి చక్కగా ఆడుతోంది కదమ్మా" అంది కూతురు. "వాపు లేదు, ఎరుపు లేదు. ఇంట్లోనే కూర్చుని ఎక్కువ ఆలోచిస్తున్నావేమో."

"అదే అయ్యుంటుందిలే" అంది మాస్టరమ్మ. ఆ తర్వాత కూతురి దగ్గర ఆ మాట ఎత్తడం మానేసింది.

ఒక సాయంత్రం కిటికీ దగ్గర నిలబడి ఉంటే గుసగుసలాయన వెనకనుంచి వచ్చి ఎప్పటిలాగే ఎడమ భుజం మీద చెయ్యి వేశాడు. ఊరికే వేసిన చెయ్యి. ఆమె కరెంటు కొట్టినట్టు విదిలించుకుంది.

"ముట్టుకోకండి."

ఆయన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. ఏమైందని అడగలేదు. ఏం చెప్పాలో ఆమెకీ తెలియలేదు. ఆయన చెయ్యి వేసినందుకు ఒళ్లు మండిందంటే ఎవరు మాత్రం నమ్ముతారు? ఆ రోజు నుంచి బెంచీ మీద కూర్చుంటే ఆయన ఆ చివర, ఆమె ఈ చివర. ముప్ఫై అయిదేళ్ల కాపురంలో మాటలకి కరువు రాలేదు కానీ, వాళ్లిద్దరి మధ్యా అసలు మాట్లాడింది ఆ చెయ్యే. అది ఊరుకుంటే ఇల్లంతా ఊరుకుంది.

ఇలా ఇంకో నెల గడిచింది. ఒక ఆదివారం మధ్యాహ్నం మాస్టరమ్మ ఇస్త్రీ చేస్తోంది. కుడిచేతిలో ఇస్త్రీ పెట్టె, ఎడమ చేత్తో కాలరు సర్దుతోంది. గుసగుసలాయన గది గుమ్మంలో నిలబడి చూస్తున్నాడు. ఇస్త్రీ పెట్టె అంచు వెళ్లి ఆమె ఎడమ చిటికెన వేలికి ఆనుకుంది. ఆమె తీయలేదు. కాలరు వైపు చూస్తూ అలాగే ఉంది.

ఆయన పరుగెత్తుకొచ్చి ఇస్త్రీ పెట్టె లాగేశాడు. వేలిమీద బొబ్బ అప్పటికే తేలుతోంది.

"కాలలేదూ?" అన్నాడు.

"ఏది?"

ఆయన వేలు చూపించాడు. ఆమె దాన్ని ఎవరిదో వేలు అన్నట్టు చూసింది. తర్వాత కుర్చీలో కూర్చుండిపోయి, ఇన్నాళ్లుగా దాచుకున్నదంతా చెప్పేసింది. "ఇస్త్రీ పెట్టె తగిలితే తెలియలేదు. చొక్కా తగిలితే కాలుతోంది. మీ చెయ్యి తగిలితే కాలుతోంది. నాకు పిచ్చి పట్టిందేమోనండీ."

గుసగుసలాయన ఆమె ముందు నేలమీద కూర్చుని అంతా విన్నాడు. చివర్లో ఒక్క మాటే అన్నాడు. "నేనంటే విసుగు పుట్టిందేమో అనుకున్నాను."

"మీరొక వెర్రిమాలోకం" అంది ఆమె. ఇద్దరికీ కళ్లనీళ్లు తిరిగాయి.

మర్నాడే నరాల డాక్టరు దగ్గరికి వెళ్లారు. పొట్టిగా కత్తిరించిన జుట్టుతో, నిదానంగా మాట్లాడే ఆవిడ. దూదితో, గుండుసూదితో, ఒక చల్లని ఇనప ముక్కతో ఎడమ చేతిని అక్కడా ఇక్కడా తాకి చూసింది. దూది తగిలితే మాస్టరమ్మ కెవ్వుమంది. చల్లని ఇనుము తాకితే మాత్రం, "వేడిగా ఉందండీ... కాదు, చల్లగా... ఏమో" అంది.

"నొప్పి మీ చేతిలో లేదమ్మా" అంది డాక్టరు. "ఒంట్లోంచి వచ్చే కబుర్లన్నీ మెదడు లోతుల్లో ఒకచోటికి చేరతాయి. తాకింది గుడ్డా, వేడా, చలా అని అక్కడ తేలి, పైకి వెళ్తాయి. రక్తం అందక మీకు దెబ్బతిన్నది ఆ చోటే. ఇప్పుడు గుడ్డ తగిలిందని చేతి నుంచి కబురు వస్తే, అది పైకి మంటగా వెళ్తోంది. కాలిందన్న కబురు ఒక్కోసారి వెళ్లనే వెళ్లదు."

"అంటే లోపలున్న ప్రాంప్టరు తప్పు మాట అందిస్తున్నాడన్నమాట" అన్నాడు గుసగుసలాయన.

డాక్టరుకి అర్థం కాలేదు. ఆయన ఏం పని చేసేవాడో మాస్టరమ్మ చెప్పింది. డాక్టరు నవ్వి, "అచ్చం అంతే" అంది.

"ఇది నేను ఊహించుకుంటున్నది కాదు కదా?"

"కాదు. స్ట్రోక్ వచ్చినవాళ్లలో కొంతమందికి ఇలా అవుతుంది. వెంటనే రాదు. వారాలో నెలలో గడిచాక మొదలవుతుంది. అందుకే దానికీ దీనికీ ముడి ఉందని ఇంట్లోవాళ్లకి తోచదు."

"పోతుందా?"

"పూర్తిగా పోతుందని మాటివ్వలేను. తగ్గించడానికి చాలా దారులున్నాయి. ఓపిక పట్టాలి."

బయటికి వచ్చాక మాస్టరమ్మ ఆస్పత్రి మెట్లమీద కూర్చుంది. పోదని చెప్పినందుకు ఏడవాలో, పిచ్చి కాదని చెప్పినందుకు నవ్వాలో తెలియలేదు. గుసగుసలాయన ఆమెకి కుడివైపు వచ్చి కూర్చున్నాడు. ఇన్నేళ్లలో ఆయన ఆ పక్కన కూర్చోవడం అదే మొదలు.

ఇచ్చిన మందులు మామూలు నొప్పి మాత్రలు కావు. నరాల అరుపుని తగ్గించేవి. కొద్దికొద్దిగా మోతాదు పెంచమన్నారు. మొదటి మందుకి నోరెండిపోయి, పట్టపగలు కూర్చున్నచోటే తూగేది. అది మార్చి ఇంకొకటి ఇచ్చారు. ఆరు వారాలకి మంట పోలేదు కానీ ఓ మెట్టు దిగింది. అంతకుముందు చెవిలో అరిచినట్టుండేది, ఇప్పుడు పక్కగదిలో అరుస్తున్నట్టుంది. అలిసిపోయిన రోజున, చలిగాలి వీచిన రోజున, మనసు బాగాలేని రోజున మళ్లీ చెవిలోకే వచ్చేది.

చేతికి వ్యాయామం చేయించే ఫిజియో అమ్మాయి వారానికి రెండుసార్లు ఇంటికి వచ్చేది. మూడోసారి వచ్చినప్పుడు అడిగింది. "ఆంటీ, రకరకాల బట్టలతో చేతికి కొంచెం కొంచెంగా అలవాటు చెయ్యాలి. గరుకువీ, నున్ననివీ, మందమైనవీ. ఇంట్లో గుడ్డముక్కలేమైనా ఉన్నాయా?"

గుసగుసలాయన నవ్వడం మొదలుపెట్టాడు. ఎన్ని నెలలైందో ఆయన అలా నవ్వి. మంచం కిందనుంచి రెండు రేకు పెట్టెలు ఒకదాని తర్వాత ఒకటి లాక్కొచ్చాడు. పని మానిన రోజున మాస్టరమ్మ తెచ్చుకున్నవి. ముప్ఫై ఎనిమిదేళ్ల నాటకాల్లో కత్తిరించగా మిగిలిన ముక్కలన్నీ అందులో ఉన్నాయి.

రోజూ పొద్దున టీ తాగాక బల్ల దగ్గర కూర్చునేవారు. ముందు కుడిచేత్తో ముక్కను తాకి అదెలా ఉంటుందో మనసులో పెట్టుకోవాలి. తర్వాత ఎడమ చేతికి, లెక్కపెట్టి పది అంకెలపాటు. ఇంకా ఓర్చుకోగలిగితే మరో పది. మొదటి రోజుల్లో మూడు దాటేది కాదు. అప్పుడు గుసగుసలాయన ఒక ఉపాయం చేశాడు. అంకెలు లెక్కపెట్టడం మానేసి, ఆ ముక్క ఏ నాటకానిదని అడగడం మొదలుపెట్టాడు. ఆమె చెబుతూ ఉండేది. చెబుతున్నంతసేపూ గుడ్డ చేతిమీదే ఉండేది.

నీలం మఖమల్ ముక్క తీస్తే మహారాణి గుర్తొచ్చింది. ఆ పాత్ర వేసినావిడ ధారాళమైన మనిషి, తిండి దగ్గరా ధారాళమే. ఆ నాటకం రెండేళ్లు ఆడింది. నెలకోసారి మాస్టరమ్మ ఆమెకి తెలియకుండా నడుము దగ్గర కుట్టు విప్పి వేలెడంత వదులు చేసేది. "చూశావా మాస్టరమ్మా, రెండేళ్లయినా నా గౌను నాకు సరిపోతూనే ఉంది. ఒళ్లంటే అదుపులో ఉండాలి" అని ఆవిడ గొప్పలు పోతుంటే, తెర పక్కన స్టూలు మీద గుసగుసలాయన పుస్తకం మొహానికి అడ్డం పెట్టుకునేవాడు.

"చివరికి లోపల వదలడానికి గుడ్డే మిగల్లేదు" అంది మాస్టరమ్మ. "వెనక వేరే ముక్క వేసి, అది కొత్త ఫ్యాషనని చెప్పాను."

"నమ్మిందా?"

"తన చెల్లెలికి కూడా అలాగే కుట్టిపెట్టమంది."

ముతక ఉన్ని ముక్క తీస్తే బిచ్చగాడి కోటు. ఆ వేషం వేసినాయన బయట మహా దర్జా మనిషి, బూటు మీద దుమ్ము పడితే ఓర్చేవాడు కాదు. కోటు ఎలా కుదిరిందో చూద్దామని తొడుక్కుని ఎదురుగా టీ కొట్టుకి వెళ్లాడు. రోజూ లేచి నిలబడి కప్పు అందించే కొట్టతను ఆయన్ని పోల్చుకోలేక అవతలికి పొమ్మని గెంటేశాడు. ఆయన మెట్లు మూడేసి చొప్పున ఎక్కి వచ్చి, "మాస్టరమ్మా, నన్ను గెంటేశారు" అని చిన్నపిల్లాడిలా గంతులేశాడు.

ఆ ఉన్ని ముక్క ఎడమ చేతిమీద రెండు కథలు అయ్యేదాకా ఉంది. గరుకు బట్టని ఆ చెయ్యి కాస్త సహించేది. మెత్తనిదీ తేలికైనదీ తగిలితేనే మండిపోయేది. అన్నిటికంటే కష్టం పెట్టింది లేత గోధుమరంగు పట్టుముక్క. అది ఆడకుండానే ఆగిపోయిన ఒక నాటకం కోసం కొన్న బట్ట. అప్పటి మేనేజరు, "పెళ్లి చేసుకోబోతున్నారటగా, ఉంచుకోండి" అని ఇచ్చేశాడు. మాస్టరమ్మ తన పెళ్లి బట్టలు దానితోనే కుట్టుకుంది. పెళ్లికూతురు నడిచి వస్తుంటే రంగాలంకరణ చేసే ముసలాయన వలవలా ఏడ్చాడు. అందరూ మురిసిపోయారు. ఆయన ఏడ్చింది ఆగిపోయిన నాటకం గుర్తొచ్చి అని తర్వాత తెలిసింది.

ఆ పట్టుముక్క ఈ కథలో సగందాకా కూడా చేతిమీద ఉండలేదు. మాస్టరమ్మ దాన్ని కుడిచేతిలోకి తీసుకుని, కళ్లు మూసుకుని చాలాసేపు నలుపుతూ కూర్చుంది. "ఇది ఎడమ చేతికి ఇక తెలియదండీ" అంది. గుసగుసలాయన ఆ ముక్కను మడిచి వేరే కాగితంలో పెట్టాడు.

ఆయన ఇంకో సంగతి కూడా గమనించాడు. ఫిజియో అమ్మాయి చేతిని తేలిగ్గా తాకితే మాస్టరమ్మ ముడుచుకుపోతోంది, మొత్తం అరచేత్తో గట్టిగా పట్టుకుంటే ఓర్చుకుంటోంది. ఒకరోజు ఆయన తన అరచేతులు రెండూ రుద్దుకుని వెచ్చబరిచి, ఆమెకి ఎదురుగా వచ్చి నిలబడ్డాడు.

"భుజం మీద చెయ్యి వేస్తాను. గట్టిగా వేస్తాను. వేసి కదపను. వెయ్యనా?"

ఆమె తలూపింది. ఆయన వేశాడు. మంట లేచింది, కానీ ఆ బరువు కింద కాసేపటికి అణిగింది. ఇద్దరూ అలా నిలబడ్డారు. "పర్లేదు, ఉండనివ్వండి" అంది ఆమె. ఆ తర్వాత ఆయన చెప్పకుండా ఎప్పుడూ ముట్టుకోలేదు. వద్దన్న రోజున కుడిపక్కకి వెళ్లి కూర్చునేవాడు, అంతే.

చొక్కా సంగతి మాస్టరమ్మే తేల్చుకుంది. ఎన్నో ఉతుకులు తిన్న మందపాటి దుప్పటి తీసి తనకి చొక్కా కుట్టుకుంది. ఎడమ చెయ్యి వదులుగా పెట్టి, కుట్లన్నీ బయటివైపుకి తిప్పింది. లోపల ఒక్క దారం పోగు తగలదు. మణికట్టు దగ్గర మాత్రం కదలకుండా కాస్త బిగుతుగా పట్టీ వేసింది. కూతురు చూసి, "అమ్మా, చొక్కా తిరగేసి వేసుకున్నావు" అంది. తర్వాత దగ్గరికి వచ్చి కుట్లు చూసింది. "ఎక్కువ ఆలోచిస్తున్నావన్నాను కదూ అప్పుడు" అంది.

"అన్నావులే. ఆ తెరలు ఇంకా సగంలో ఉన్నాయి, తీసుకురా" అంది మాస్టరమ్మ.

ఆస్పత్రికి మూడు నెలలకోసారి వెళ్లేది. ఒకసారి అక్కడ తన వంతు కోసం కూర్చుని ఉంటే, ఎదురు బెంచీ మీద ఒక మనిషి కనిపించాడు. యాభై దాటినవాడు. పాంటు ఎడమ కాలు మోకాలి పైదాకా మడిచి, జారకుండా తాడుతో కట్టుకున్నాడు. పక్కన కూర్చున్న పెద్దమనిషి అది చూసి మొహం చిట్లించాడు. మాస్టరమ్మ లేచి వెళ్లి అతని పక్కన కూర్చుంది.

"గుడ్డ తగిలితే మండుతుందా?"

అతను తలెత్తి చూశాడు. "మీకెలా తెలుసమ్మా?"

ఆమె తన చొక్కా చెయ్యి చూపించింది.

అతను బస్సు డ్రైవరు. స్ట్రోక్ వచ్చి ఏడాదైంది. కాల్లో బలం వచ్చినా మంట వల్ల పనికి వెళ్లలేకపోతున్నాడు. బస్సు తోలడం మాట డాక్టర్లు తర్వాత చూద్దామన్నారు. డిపోలో కూర్చుని బస్సుల వేళలు రాసే పని ఇస్తామని అధికారులు పిలిచారు. "పిలిచారు కానీ పాంటు ఇలా మడిచి కట్టుకుని ఎలా పోతానమ్మా? మా ఆవిడతో చెబితే ఏడుస్తుంది, స్నేహితులతో చెబితే నవ్వుతారు" అన్నాడు.

"పాత పాంటు ఒకటి తీసుకుని రేపు మా ఇంటికి రండి. కొలతకి మీ కాలు ముట్టుకోను" అంది మాస్టరమ్మ.

పాత పాంటు విప్పి చూసి, కుడికాలు కొలిచి, వారం రోజులు కుట్టింది. ఎడమ చెయ్యి తొందరగా అలిసిపోయేది. పావుగంట కుట్టడం, అరగంట ఆగడం. గుసగుసలాయన సూదిలో దారం ఎక్కించి ఇచ్చేవాడు. రెండురోజులు అసలు బల్ల దగ్గరికే రాలేకపోయింది. కుట్లు బయటికి, కాలు వదులుగా, లోపల పక్కన పైనుంచి కిందిదాకా తెరుచుకుని, లాగి మూసుకునేలా పట్టీలు.

డ్రైవరు లోపలి గదిలో తొడుక్కుని వచ్చాడు. కిటికీ దాకా నడిచాడు, వెనక్కి వచ్చాడు. ఎడమ కాలు వేసిన ప్రతిసారీ మొహం బిగపట్టుకుని, మెల్లగా వదులుతున్నాడు.

"ఎలా ఉంది?"

"మంట ఉందమ్మా." కిందికి చూసుకున్నాడు. "కానీ అది ఎప్పుడూ ఉండేదే. పాంటు వల్ల పెరగలేదు."

"డ్రైవరు కదా, నిలబడితే ఏం తెలుస్తుంది, కూర్చోండి" అంది మాస్టరమ్మ. అతను కుర్చీలో కూర్చున్నాడు. మోకాలి కింద గుడ్డ ఒక మడతపడి నొక్కుతోంది. ఆమె సుద్దముక్క తీసుకుని అతని ముందు వంగింది.

"ఇక్కడ గీత పెడతాను, కాలికి తగలదు. కదలకండి" అని ముందే చెప్పి, గుడ్డ అంచు పట్టుకుంది.